నోవైలో మా శాసనసభ

పోయిన నెలలో యాదగిరి కుటుంబంతో సహా క్యారీ నుంచి మా ఇంటికి వచ్చాడు. అల్ఫారెట్టాలో మాది కాస్త పెద్ద ఇల్లే, అయినా పిల్లలకు కొట్టుకోవడానికి ఎప్పుడూ ఒకే సోఫా కావాలి. వాళ్ల చిన్నమ్మాయీ మా అబ్బాయీ టీవీ రిమోట్ కోసం ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, పక్కనే కూర్చుని వేయించిన పల్లీలు తింటున్న యాదగిరి తల కూడా ఎత్తకుండా, "అధ్యక్షుల ద్వారా మాట్లాడుండ్రి" అన్నాడు. పిల్లలిద్దరూ అరవడం ఆపి అతని వంక చూశారు. "వాట్ డజ్ దట్ మీన్, డాడీ?" అని వాళ్లమ్మాయి అడిగింది. "శ్రీను అంకుల్‌ని అడుగు" అని అతను మళ్లీ పల్లీల మీద పడ్డాడు. నేను గొంతు సవరించుకుని చెప్పబోయాను. రెండు ముక్కలు చెప్పేసరికి వాళ్లలో వాళ్లకే రాజీ కుదిరిపోయి ఇద్దరూ మేడ మీదికి వెళ్లిపోయారు. నోటిదాకా వచ్చిన కథ నోట్లోనే ఉండిపోయింది. ఎవరో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో మేం నోవైలో ఉండేవాళ్లం. డెట్రాయిట్ పక్కన, కార్లు తయారుచేసే ఇంజినీర్లతోనూ, వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే మాలాంటివాళ్లతోనూ నిండిన ఊరు. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం పెళ్లికాని వాళ్లం సంసారం చేస్తుండేవాళ్లం. నాది తెనాలి దగ్గర పల్లెటూరు. యాదగిరిది నల్లగొండ. అప్పటికి రాష్ట్రం ఒకటిగానే ఉండేది. మూడోవాడు కిరణ్, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు, ఏ విషయంలోనూ ఎవరి పక్షమూ తీసుకోని మనిషి. టీ కావాలా కాఫీ కావాలా అంటే "ఏదైనా ఓకే" అనేవాడు. రెండూ అయిపోయాయంటే దానికీ ఓకేనే. యాదగిరీ నేనూ మాస్టర్స్ చదివేటప్పటి నుంచీ కలిసే ఉన్నాం. ఈ దేశంలో మా మొదటి చలికాలం ఇద్దరికీ కలిపి మంచి కోటు ఒక్కటే ఉండేది. ఎవరికి క్లాసుంటే వాళ్లు వేసుకునేవాళ్లం, రెండోవాడు గదిలో దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. అందుకే మా ఇద్దరి క్లాసులూ ఎప్పుడూ వేరు వేరు వేళల్లో పెట్టుకునేవాళ్లం. అలాంటి స్నేహం మాది.

ఆ అపార్ట్‌మెంట్ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. తడిసిన బూట్లు, హీటర్ నుంచి వచ్చే వేడి దుమ్ము, వాటన్నిటి మీదా తిరగమోత. ఆఫీసు బట్టలకు ఇంగువ పట్టకుండా వంట మొదలెట్టేముందు బెడ్‌రూముల తలుపులన్నీ మూసేవాళ్లం. ఎండుమిరపకాయలు వేగగానే స్మోక్ అలారం మోగేది కాబట్టి, ఒకరు వంట చేస్తుంటే ఇంకొకరు దాని కింద నిలబడి తువ్వాలు ఊపాలి. ఆ తువ్వాలు ఊపే ఉద్యోగం కిరణ్‌ది. వంట మాత్రం యాదగిరికీ నాకూ మధ్య వంతులు. నేను చేసిన పులుసు అతనికి పాయసంలా ఉండేది, అతను చేసిన కూర తింటే నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఎవరి వంతు ఎప్పుడు, గిన్నెలు ఎవరు కడగాలి, పెరుగు ఎవరు తోడు పెట్టడం మర్చిపోయారు అన్న వాటి మీద రోజూ గొడవే. ఆ గొడవల్లో అప్పటికి కోపం ఉండేది కాదు, కాలక్షేపం ఉండేది.

ఆకులు రాలే రోజుల్లో కిరణ్ వాళ్ల అమ్మగారు సుభద్రమ్మ గారు విజిటర్ వీసా మీద వచ్చారు. కిరణ్ తన గది ఆవిడకిచ్చి హాల్లోకి వచ్చేశాడు. ఆవిడ హైదరాబాద్‌లో అసెంబ్లీ రిపోర్టరుగా పనిచేసి రిటైరయ్యారు. రిపోర్టరంటే పత్రికా విలేఖరి కాదు. సభలో స్పీకరు కుర్చీ ముందున్న బల్ల దగ్గర కూర్చుని, ఎవరేం మాట్లాడితే అది షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకునే ఉద్యోగం. ఒకరు కొన్ని నిమిషాలు రాసి లేస్తే ఇంకొకరు వచ్చి కూర్చుంటారట. సభ్యుల అరుపులూ, బల్లలు చరచడాలూ, మధ్యలో తెగిపోయిన వాక్యాలూ అన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్లినవే. ఆ అలవాటు వేళ్లకు పట్టుకుపోయింది. ఎవరు మాట్లాడుతున్నా ఆవిడ కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద చిన్న చిన్న గీతలు గీస్తూ ఉండేది. టీవీలో వాతావరణం చెప్పే అమెరికన్ అమ్మాయి మాటల్ని కూడా వదలలేదు. తెల్లవారకముందే లేచి, మా వంటింట్లో దొరికిన కాఫీ పొడిని మనసులో తిట్టుకుంటూ కాఫీ కలుపుకుని, చీర మీద కిరణ్ పాత పార్కా కోటు వేసుకుని, హీటర్ గాలి వచ్చే చోట కూర్చునేవారు. పుట్టింది ఒంగోలులో, నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల చదివింది కాజీపేటలో, ఉద్యోగం, కాపురం హైదరాబాద్‌లో. ఆవిడ మాట విని ఏ ప్రాంతమో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆవిడ వచ్చిన వారంలోనే రైస్ కుక్కర్ దగ్గర యాదగిరీ నేనూ తగులుకున్నాం. అడుగంటిన అన్నం గిన్నెలో నీళ్లు పోసి అతను అలాగే వదిలేశాడు. నేను ఏదో అన్నాను, అతను ఏదో అన్నాడు, ఇద్దరం ఒకేసారి అరుస్తున్నాం. సుభద్రమ్మ గారు చెంచాతో స్టీలు గ్లాసు మీద టంగుమని కొట్టారు.

"ముందు కూర్చోండి ఇద్దరూ. ఇద్దరొకేసారి మాట్లాడితే నేనేం రాసుకోను? ఒక్కొక్కరే, నా వైపు చూసి చెప్పండి. వాడితో కాదు."

"మీతో ఏం చెప్పను ఆంటీ, తప్పు వాడిది" అన్నాను.

"ఆంటీ కాదు, అధ్యక్షా అను. వాడు కాదు, గౌరవ సభ్యులు."

నాకు నవ్వొచ్చింది. అయినా కోపం కొంత మిగిలుంది కాబట్టి లేచి నిలబడి, "అధ్యక్షా, గౌరవ సభ్యులు యాదగిరి గారు అడుగంటిన గిన్నెను నానబెట్టే నెపంతో శుక్రవారం నుంచి ప్రజల సహనాన్ని పరీక్షిస్తున్నారు" అన్నాను. యాదగిరి కూడా లేచాడు. "అధ్యక్షా, అన్నం అడుగంటింది నా వంతు నాడు కాదు, గౌరవ సభ్యుల వంతు నాడు. ఆయన ఫోన్ల సొల్లు చెప్పుకుంట కుక్కర్ మర్చిపోయిండు. ఫోన్ బిల్లు సభ ముందు పెట్టాలె." ఇక అక్కడితో గొడవ ఎగిరిపోయింది. తర్వాత ఆవిడ మామూలు గొంతుతో చెప్పారు. "ఎదుటివాడి మొహం చూసి తిడితే కోపం పెరుగుతుంది నాయనా. కుర్చీని చూసి తిట్టాలంటే కొంచెం ఆలోచించుకోవాలి. ఆ కొంచెం చాలు. అసెంబ్లీలో ఆ పద్ధతి ఊరికే పెట్టలేదు."

అలా మా ఇల్లు సభ అయింది. గరాజ్ సేల్‌లో కొన్న తిరిగే కుర్చీ ఒకటి ఉండేది మాకు, ఇంట్లో ఉన్న ఏకైక కుర్చీ అదే. అది స్పీకరు స్థానం. మేం ముగ్గురం కార్పెట్ మీద. రాత్రి భోజనాలు కాగానే ప్రశ్నోత్తరాలు, ఆ తర్వాత జీరో అవర్. జీరో అవర్ అనేది నియమావళిలో ఎక్కడా లేదనీ, వాడుకలో అలా వచ్చేసిందనీ ఆవిడ చెబితేనే తెలిసింది. బాత్‌రూము ఎవరు కడగాలన్నది నక్షత్ర గుర్తు లేని ప్రశ్న, దానికి లిఖితపూర్వక సమాధానమే, ఫ్రిజ్ మీద అంటించాలి. ఇంకొకరు దాచుకున్న పెరుగు తింటే సభా హక్కుల ఉల్లంఘన. బడ్జెట్ చర్చకు గడువు ముగిశాక మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒక్కసారే ఆమోదించడాన్ని గిలెటిన్ అంటారు కదా, ఆదివారం నాడు ఫ్రిజ్‌లో మిగిలిన కూరలన్నిటినీ ఒకే బాణలిలో వేసి వేడిచేయడానికి మా ఇంట్లో అదే పేరు. ఒకసారి యాదగిరి కోరం లేదని అభ్యంతరం లేవదీశాడు. పదిమంది సభ్యులు లేదా మొత్తంలో పదో వంతు, ఏది ఎక్కువైతే అంతమంది ఉండాలని నిబంధన. ఆ లెక్కన మా ఇంట్లో సభ ఏనాడూ జరగకూడదు. సుభద్రమ్మ గారు క్షణం కూడా తడుముకోలేదు. "ఎవరూ లేవనెత్తనంతవరకు కోరం ఉన్నట్టే లెక్క. మీరు లేవనెత్తారు కాబట్టి ఇప్పుడు సభ లేదు. సభ లేదు కాబట్టి మీ అభ్యంతరం నేను వినలేదు. కూర్చోండి." సభలో మమ్మల్ని మీరు అనేవారు, సభ ముగియగానే నువ్వులోకి దిగేవారు.

యాదగిరీ నేనూ ఇక్కడికి రాకముందు గ్రూప్స్ పరీక్షలకు కూర్చుని తప్పినవాళ్లమే. అధికరణల నంబర్లు, రాజ్యసభకు ఎవరెలా ఎన్నికవుతారు, గవర్నరు లేనప్పుడు ప్రమాణం ఎవరు చేయిస్తారు లాంటివి మా బుర్రల్లో బూజు పట్టి పడున్నాయి. ఆవిడ వచ్చాక వాటికి గాలి తగిలింది. మాకు తెలిసింది పుస్తకం, ఆవిడకు తెలిసింది లాబీ. లోపల మైకులు విరిచి చొక్కాలు పట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు బయట క్యాంటీన్‌లో ఒకే ప్లేటులో పకోడీలు తింటూ కూతురి పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకోవడం తను చూశానని చెప్పేవారు. "వాకౌట్ చేసినవాళ్లకు ఉప్మా వేడిగా దొరుకుతుంది, లోపల కూర్చున్నవాళ్లకు చల్లారిపోతుంది. వాకౌట్లు ఎక్కువ కావడానికి అదొక కారణం" అనేవారు చాలా గంభీరంగా. ఈ అలవాటు మా ఆఫీసు దాకా పాకింది. ఒకనాడు మీటింగులో ఒక టెస్టర్ యాదగిరి మీద గయ్యిమని లేచాడు. యాదగిరి అతని వంక చూడకుండా మా మేనేజర్ వైపు తిరిగి, "త్రూ యూ, సర్, ఐ విష్ టు ఆస్క్ ది ఆనరబుల్ టెస్టర్" అని మొదలెట్టాడు. మేనేజర్‌కు అది తెగ నచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ మీటింగులో అందరూ ఆయన్ని చూసే పోట్లాడుకునేవారు. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు మేం చెప్పలేదు.

ఆ చలికాలం హైదరాబాద్ నుంచి వచ్చే వార్తలు మామూలుగా లేవు. రాష్ట్రం రెండవుతుందనీ, కాదనీ పొద్దుటికీ సాయంత్రానికీ మాట మారేది. ల్యాప్‌టాప్‌లో తెలుగు ఛానెల్ పెట్టుకుని ముగ్గురం దాని చుట్టూ చేరేవాళ్లం. మొదట్లో సరదాగానే వాదించుకున్నాం. యాదగిరి రాజ్యాంగంలో కొత్త రాష్ట్రాల గురించి చెప్పే ఆర్టికల్ త్రీ చదివి వినిపించేవాడు, నేను దానికి అడ్డం తగిలేవాణ్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సరదా ఎక్కడో చెడింది. నేనొక మాటన్నాను, అతనొక మాటన్నాడు. ఆ రెండు మాటలూ ఇక్కడ రాయడం లేదు. సుభద్రమ్మ గారు గ్లాసు మోగించి వాటిని రికార్డుల నుంచి తొలగించారు. తొలగించిన మాటల్ని ప్రచురిస్తే అది కూడా సభా హక్కుల ఉల్లంఘనే. కాకపోతే రికార్డులోంచి తీసేసినంత తేలిగ్గా చెవిలోంచి తీసేసే అధికారం ఏ స్పీకరుకీ లేదు. ఆ రోజు నుంచి యాదగిరీ నేనూ మాట్లాడుకోవడం మానేశాం.

మానేశాం అంటే మామూలుగా మానేయడం కాదు, అదే ఇంట్లో ఉంటూ, అదే కుక్కర్‌లో అన్నం వండుకుంటూ. అన్నిటికన్నా కష్టం కారు. ఆ శరదృతువులో యాదగిరి కారు ఒక జింకను గుద్దింది. జింక లేచి వెళ్లిపోయింది, కారు మాత్రం మళ్లీ లేవలేదు. ఇంకొకటి కొనేదాకా రోజూ నా కారులోనే ఆఫీసుకు వచ్చేవాడు. మంచు కురిసే ఉదయాల్లో రోడ్డంతా తెల్లగా, వైపర్ల చప్పుడు తప్ప ఇంకే శబ్దమూ లేకుండా పక్కపక్కనే కూర్చుని వెళ్లేవాళ్లం. నాకది భరించరానిదిగా ఉండేది. రేడియో పెడదామంటే మాట కలపాలనుకుంటున్నానని అనుకుంటాడేమోనని పెట్టేవాణ్ని కాదు. ఇంటికి వచ్చాక మాత్రం కుర్చీ ఉంది, కుర్చీలో సుభద్రమ్మ గారున్నారు. "అధ్యక్షా, రేపు ఉదయం రోడ్లు బాగుండవు కాబట్టి గౌరవ సభ్యులు కొంచెం ముందు తయారు కావాలని మనవి." "అధ్యక్షా, గౌరవ సభ్యుల మనవి విన్న. గట్లనే అయితా." ఆవిడ లేకపోతే మేం ఆకలితో చచ్చేవాళ్లమే గానీ కూరలో ఉప్పు తక్కువైందని ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం కాదు. కిరణ్ మా ఇద్దరి మధ్యా తువ్వాలు పట్టుకుని నిలబడి ఉండేవాడు.

లీజు మార్చి ఆఖరుతో ముగుస్తుంది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం యాదగిరి తీర్మానం ప్రవేశపెట్టాడు. ఎదురు బిల్డింగులో సింగిల్ బెడ్‌రూము ఖాళీ అవుతోందనీ, తాను అక్కడికి మారతాననీ. గొడవ పడటం వేరు, మాట్లాడకపోవడం కూడా వేరే. మనిషి వెళ్లిపోవడం ఇంకొకటి. అతను వెళ్తే ఇక వచ్చే పని ఉండదనీ, రెండేళ్ల తర్వాత ఎవరి పెళ్లిలోనో కనిపించి "ఎట్లున్నవ్" అని తప్పుకునే పరిచయం ఒకటి మిగులుతుందనీ నాకు అర్థమైంది. వాడు నాకు కావాలి. ఆ మాట చెప్పడానికి మా సభలో ఏ నియమం కిందా వీలు లేదు.

"అధ్యక్షా," అని లేచాను, "ఇంత మంచు కురిసే ఊళ్లో కారు ఉన్నవాళ్లూ కారు లేనివాళ్లూ విడిపోవడం ప్రజా ప్రయోజనాలకు విరుద్ధం. వంతులు, సామాను, రైస్ కుక్కర్, వీటి భవిష్యత్తు ఏమిటో తీర్మానంలో లేదు. ఇన్నాళ్లు కలిసి ఉన్నవాళ్లం కలిసే ఉండాలి."

యాదగిరి లేచాడు. కుర్చీనే చూస్తున్నాడు. "అధ్యక్షా, ఆర్టికల్ త్రీ ప్రకారం కొత్త రాష్ట్రం జేయాలంటే అసెంబ్లీ అభిప్రాయం అడగాలె. అభిప్రాయమే, పర్మిషన్ కాదు. నేను గూడ సభ్యుల అభిప్రాయమే అడుగుతున్న. కారు గురించి చెప్పిండ్రు, కుక్కర్ గురించి చెప్పిండ్రు. కలిసి ఉండాలె, ఉండాలె అని నాకు చెప్తున్నరు. ఉంటవా అని మాత్రం అడుగుతలేరు." అని కూర్చున్నాడు. అప్పుడే అడగొచ్చు కదా అని మీరు అనుకుంటారు. నేను మాత్రం, "అధ్యక్షా, ఓటింగ్ పెట్టండి" అన్నాను.

ఓటింగ్. అవును అన్నవాళ్లు ఒకరు, కాదు అన్నవాళ్లు ఒకరు. కిరణ్ వంక చూశాం. అతను కార్పెట్ దారం లాగుతూ, "తటస్థం" అన్నాడు. సమానం. సభలో స్పీకరు మామూలుగా ఓటు వేయరు, రెండువైపులా సరిసమానమైనప్పుడే నిర్ణాయక ఓటు. నాకు ధైర్యమొచ్చింది, ఎందుకంటే నేను చదివిన వాటిలో ఇది గట్టిగా గుర్తుంది. స్పీకరు అలాంటప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచేలా, చర్చ ఇంకా జరగడానికి వీలుండేలా ఓటు వేయడం ఆనవాయితీ. లేచి ఆ మాటే సభ దృష్టికి తెచ్చాను. గెలిచాననే అనుకున్నాను.

సుభద్రమ్మ గారు పార్కా జిప్పు పైకి లాక్కున్నారు. "శ్రీనివాస్ గారు చెప్పింది నిజమే. చర్చ కొనసాగేలా ఓటు వెయ్యాలి. అందుకే చర్చ ఎక్కడ కొనసాగుతుందా అని చూశాను. యాదగిరి గారు ఇక్కడే ఉంటే మీరిద్దరూ నా మొహం చూసే మాట్లాడతారు. ఏప్రిల్‌లో నేను వెళ్లిపోతాను. అప్పుడీ కుర్చీలో ఎవరూ ఉండరు, మీ మధ్య మాటా ఉండదు. ఒకే కప్పు కింద ఇద్దరు మూగవాళ్లు. ఎదురు బిల్డింగులో ఉంటే, కొత్తిమీర కావాలన్నా ఒకరి తలుపు ఒకరు కొట్టాలి. తలుపు కొట్టినవాడు ఏదో ఒకటి అనక తప్పదు కదా. చర్చ జరగాలంటే ఆయన వెళ్లాలి. నా ఓటు తీర్మానానికి అనుకూలం."

నేను వాకౌట్ చేశాను. బయట మోకాలి లోతు మంచు, ఎక్కడికని చేస్తాను. బాల్కనీలో నిలబడ్డాను. ఇన్నేళ్ల స్నేహాన్ని ఒక్క ఓటుతో తెంపేసిందని ఆవిడ మీద పట్టరాని కోపమొచ్చింది. కాసేపటికి కిరణ్ తలుపు కొంచెం తీసి నా కోటు బయటికి అందించాడు. అద్దంలోంచి చూస్తే యాదగిరి కార్పెట్ మీద అలాగే కూర్చుని ఉన్నాడు. గెలిచినవాడి మొహంలా లేదు.

మార్చి చివరి శనివారం సామాను మార్చాం. మంచు నల్లబడి పార్కింగ్ అంచుల్లో కుప్పలుగా పడుంది. పరుపుకు ప్లాస్టిక్ చుట్టి ముగ్గురం పట్టుకుని ఈ బిల్డింగు నుంచి ఆ బిల్డింగుకు తిరిగాం. "కొంచెం ఎడమకి" అన్న మాట కూడా కిరణ్ ద్వారానే. సాయంత్రానికి మా గదిలో సగం కార్పెట్ బయటపడింది. దాని మీద అతని మంచం కాళ్ల గుర్తులు నాలుగు మిగిలాయి. వాటిని చూసి నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకముందే వ్యాక్యూమ్ తీసి ఆ చోటంతా రుద్దాను. గుర్తులు పోలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నలుగురికి నాలుగు గదులూ, ఎవరి చెవుల్లో వాళ్లకు హెడ్‌ఫోన్లూ. రైస్ కుక్కర్ మీద గొడవ పడే అవసరం ఎవరికీ లేదు, గిన్నెలు మిషన్ కడుగుతుంది. నా ఫోన్లో ఊరి గ్రూపు, కాలేజీ గ్రూపు, అపార్ట్‌మెంట్ పాత మిత్రుల గ్రూపు, ఇంకా ఎన్నో ఉన్నాయి. ఎన్నికలొస్తే అందులో పెద్దమనుషులు ఒకరినొకరు అనే మాటలు చదివితే, మా సుభద్రమ్మ గారు రాత్రంతా కూర్చుని తొలగించినా తరగవు. అక్కడ కుర్చీ లేదు, గ్లాసూ చెంచా లేవు. కోపమొస్తే బ్లాక్ చేయడమే, అవతలివాడు వెళ్లాడని కూడా తెలియదు. అప్పటి రోజులే బంగారమని నేను అనను. చలి, అప్పడాల్లాంటి పరుపులు, వీసా భయం అన్నీ నాకు బాగా గుర్తున్నాయి. ఈ ఇల్లూ, ఈ పిల్లలూ, ఈ ఎండా నాకు ఇష్టం. యాదగిరితో ఫోనులో ఇప్పటికీ రాజకీయాలు వాదిస్తాను, వారానికోసారైనా అతను నా మీద విసుక్కుంటాడు. కిరణ్ హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయాడు, ఆవిడ అతని దగ్గరే ఉన్నారు. చెవులు కొంచెం మందగించాయట. ఆవిడకు ఎవరి మాటలు రాసుకోవాలని ఉంటే వాళ్లవే వినిపిస్తున్నాయని కిరణ్ అంటాడు.

సామాను మార్చిన తర్వాతి సోమవారం పొద్దున నేను కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. యాదగిరి ఎదురు బిల్డింగు మెట్లు దిగి వస్తున్నాడు, అతని కారు ఇంకా రాలేదు మరి. చుట్టుపక్కల కిరణ్ లేడు, కుర్చీ లేదు. వచ్చి డిక్కీ తీసి రెండో గీకుడు కర్ర తీసుకుని అవతలి వైపు అద్దం గీకడం మొదలెట్టాడు. ఇద్దరం గీకుతూనే ఉన్నాం. గీకవలసిన దానికంటే ఎక్కువే గీకాం.

"గా ఇంట్ల కరెంటు కాయిల్ స్టవ్ రా," అన్నాడు అద్దం చూస్తూనే. "ఆపినా వేడి తగ్గదు. చాయ్ అంత పొంగింది."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే సుభద్రమ్మ గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. "పొద్దున కారు దగ్గర ఏదో మాట్లాడుకుంటున్నట్టున్నారు" అన్నారు.

"స్టవ్ గురించి ఆంటీ. చాయ్ పొంగిపోయిందట."

"నువ్వేమన్నావు?"

"గిన్నె చిన్నదైతే అంతేరా, మన పెద్ద గిన్నె తీసుకుపో అన్నాను."

ఆవిడ కుర్చీలోంచి లేచి, దాన్ని కిరణ్ కంప్యూటర్ బల్ల దగ్గరికి తోసేశారు. "అయితే సభను నిరవధికంగా వాయిదా వేస్తున్నాను" అన్నారు. తర్వాత వంటింట్లోకి వెళ్లి పెద్ద గిన్నె తీసి, అందులో పప్పు పోసి, మూత పెట్టి నా చేతికిచ్చారు. "అక్కడే తిని రా. తొందరేం లేదు."

గిన్నె పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి దిగాను.